ఇంటిని తీర్చే వృత్తి: మన పిల్లలకు తెరుచుకున్న వాకిలి

మొన్న షవ్వాల్ నెలలో, సెలవుల తరువాత మదరసా తిరిగి తెరిచిన వారంలోనే, ఒకనాడు అసర్ నమాజు ముగించుకుని బయటికి వస్తుంటే ఒక పెద్దమనిషి కుమార్తెతో సహా వరండాలో నిలబడి కనిపించాడు. మాది రాజమహేంద్రవరం; ఆయనది గోదావరికి ఆవలి ఒడ్డున, కొవ్వూరు సమీపాన ఒక పల్లె. మూడు తరాలుగా మాకు ఎరిగిన కుటుంబం. ఆయన తండ్రి దూది ఏకి పరుపులు కుట్టిన మనిషి. నా వివాహానికి వేసిన పరుపు ఆ పెద్దాయన చేతి పనే. అమ్మాయి ఇంటర్మీడియట్ మంచి మార్కులతో పూర్తిచేసింది.

"హజ్రత్, ఇదేదో ఇంటీరియర్ డిజైనింగ్ చదువుతానని పట్టుబట్టింది. గోడకు రంగు వేయించడానికీ, కిటికీకి పరదా తగిలించడానికీ ఒక చదువా? అదీగాక ఆడపిల్ల టేపు చేతబట్టుకుని పరాయివాళ్ళ ఇళ్ళు కొలుచుకుంటూ తిరగడమా? మీరు నాలుగు మాటలు చెబితే వింటుంది" అన్నాడాయన.

నాలుగు మాటలు కాదు గదా, ఒక్క మాటైనా చెప్పగలిగిన జ్ఞానం ఆ విషయంలో నాకు లేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఫిఖ్హ్ గ్రంథాలు బోధిస్తున్నాను. ఏ వృత్తి ధర్మసమ్మతమో, ఏది కాదో చెప్పమంటే చెప్పగలను. కాని వృత్తిని గురించి తెలియకుండా తీర్పు చెప్పడం మా గురువులు మాకు నేర్పలేదు. కొన్నాళ్ళు గడువు అడిగాను. తండ్రి సరేనన్నాడు. అమ్మాయి మాత్రం వెళ్తూ వెళ్తూ ఒక ప్రశ్న వేసింది: "హజ్రత్, మీ ఇంట్లో వంటగది అరలు ఎవరి ఎత్తుకు కొలిచి కట్టారు?"

మేము ఇల్లు కట్టుకుని పంతొమ్మిదేళ్ళు. అరలు ఎంత ఎత్తున ఉండాలని మేస్త్రి అడిగినప్పుడు నేను చేయి పైకెత్తి చూపించాను. ఆ చేయి నాది. ఆనాటి నుంచి నేటి వరకు నా భార్య పప్పు డబ్బా అందుకోవాలంటే పీట ఎక్కుతూనే ఉంది. ఒక వర్షాకాలంలో ఆ పీట జారి పడి, మణికట్టు బెణికి నెల రోజులు బాధపడింది. అప్పుడు కూడా నేను పీటనే తప్పుపట్టాను గాని అరను కాదు. మేస్త్రి గుమ్మం బయట నిలబడ్డాడు, ఆమె లోపల ఉంది, మధ్యలో కబురు మోసినవాణ్ణి నేను. రోజుకు ఆరు గంటలు ఆ గదిలో గడిపే మనిషిని ఎవరమూ అడగలేదు.

ఆ రాత్రి నుంచి ఈ వృత్తిని గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాను. తెలిసినంతలో పాఠకులతో పంచుకుంటున్నాను. ఇలాంటి ప్రశ్న పట్టుకుని నిలబడిన పిల్లలు మన ఇళ్ళలో ఇంకా ఉంటారని నా నమ్మకం.

పేరు కొత్తది, పని పాతది

ఇంటీరియర్ డిజైనర్ అంటే అలంకరించేవాడని మనలో చాలామంది భావన. అలంకారం ఆ పనిలో చివరి భాగం. గదిలోకి వెలుతురు ఏ వైపు నుంచి వస్తుంది, గాలి ఎటు పోతుంది, తలుపు ఎటు తెరుచుకోవాలి, మంచానికీ అల్మరాకూ మధ్య మనిషి నడవడానికి చోటు ఎంత మిగలాలి, విద్యుత్ బోర్డు చేతికి అందుతుందా, ముసలివారు రాత్రివేళ స్నానాలగదికి తడబడకుండా వెళ్ళగలరా అన్నవి ముందు చూడవలసినవి. వాటిని కొలిచి, నక్షగా గీసి, ఏ వస్తువు ఎంత కావాలో లెక్కకట్టి, వడ్రంగి, రంగుల పనివాడు, విద్యుత్ పనివాడు ఒకరి పని ఒకరు చెడగొట్టకుండా వరుస ఏర్పరచడం అసలు వృత్తి.

ఇది విడిగా ఒక వృత్తిగా గుర్తింపు పొంది నూరేళ్ళు దాటింది. అమెరికాలో ఎల్సీ డి వుల్ఫ్ అనే మహిళ న్యూయార్క్ నగరంలోని కాలనీ క్లబ్ భవనానికి లోపలి రూపకల్పన చేసింది; ఆ భవనం 1907లో ప్రారంభమైంది. నలుపు దిగిన కలపతో, బరువైన తెరలతో చీకటిగా ఉండే గదుల స్థానంలో లేత రంగులూ వెలుతురూ తెచ్చినందుకు ఆమె పేరు నిలిచింది. మన దేశంలో ఈ వృత్తివారి సంస్థ, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ ఇంటీరియర్ డిజైనర్స్, 1972లో ఏర్పడింది.

పేరు అలా వచ్చింది గాని, పని మాత్రం మన గోదావరి సీమకు కొత్తది కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువల నీరు పొలాలకు అందిన తరువాత డెల్టాలో వరి డబ్బుతో మండువా లోగిళ్ళు లేచాయి. నడుమ ఆకాశానికి తెరిచిన చోటు, నలువైపులా లోపలికి వాలిన పెంకుల కప్పు, ఎగువ అడవుల నుంచి నదిలో తేలివచ్చిన టేకు స్తంభాలు. వేసవిలో గాలీ, వానలో నీరు పోయే దారీ, ఇంటి ఆడవారికి బయటి చూపు సోకని వెలుతురూ ఒక్క అమరికలోనే కుదిరాయి. అవి కట్టిన మేస్త్రిల పేర్లు ఎవరికీ తెలియవు. ఇప్పుడు ఆ లోగిళ్ళను చూడడానికి పట్టణాల నుంచి వాస్తుశిల్ప విద్యార్థులు కెమెరాలతో వస్తున్నారు.

ఆ ఇళ్ళలోకి పరుపులు ఎక్కడి నుంచి వెళ్ళాయి? మన ఇళ్ళ నుంచే. దూదేకుల వారు, నూర్‌బాషాలు, తరతరాలుగా తెలుగే ఇంటి భాషగా గలవారు, భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగారు. అరుగు మీద కూర్చుని కొయ్య గూటంతో వింటి నారిని మీటుతుంటే వచ్చే ఆ ధ్వని నా తరంవారి చెవుల్లో ఇంకా ఉంది. పత్తి ఎంత, బూరుగు దూది ఎంత, వృద్ధులకు గట్టి పరుపా మెత్తనిదా, బాలింతకు ఏ దిండు అన్నది వారు మనిషిని చూసి చెప్పేవారు. దబ్బనంతో వేసిన కుట్ల వరుస చూసి ఎవరి చేతి పనో గుర్తుపట్టేవారు. స్పాంజి పరుపులు వచ్చాక ఆ విల్లు గోడకెక్కింది. అమ్మాయి తండ్రి పరుపుల పని వదిలి ప్లాస్టిక్ కుర్చీల దుకాణం పెట్టుకున్నది అందుకే.

ఏలూరు తివాచీ చెప్పే కథ

ఇంకొంచెం పడమరకు వెళ్తే ఏలూరు. పారశీక దేశం నుంచి వచ్చి స్థిరపడిన ముస్లిం కుటుంబాలు అక్కడ ఉన్ని తివాచీల నేత ప్రారంభించాయని తరతరాలుగా చెప్పుకుంటారు. నిలువు మగ్గం మీద ఒక్కొక్క ముడి చేత్తో వేసి, కోసి, సమం చేసే పని అది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో ఏలూరు తివాచీలు ఉన్నాయి. ఆ నమూనాల పేర్లు వినండి: హాషిం ఖానీ, రామచంద్ర ఖానీ, గోపాలరావు ఖానీ. నేసినవారు మనవారు, పేర్లలో ఖానీ అన్నది పారశీక ఛాయ, రామచంద్ర, గోపాలరావు అన్నవి ఈ నేలవి. మత సామరస్యం మీద ఉపన్యాసాలు ఇచ్చేవారు ఈ మూడు పేర్లూ చదివి కూర్చుంటే చాలునని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఆ తివాచీ తరువాత ఏమైంది? ఈ వృత్తిలోకి వెళ్ళదలచిన పిల్లలు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఇది. కృష్ణా, గోదావరి తీరాల తివాచీలు బందరు రేవు పేరున విదేశాలకు వెళ్ళేవి. జార్జి బర్డ్‌వుడ్ అనే ఆంగ్లేయుడు భారతీయ కళాపరిశ్రమల మీద 1880లో వెలువరించిన గ్రంథంలో, ఒకప్పుడు మేటిగా ఉన్న ఆ తివాచీలు దిగజారడానికి ఇంగ్లండు వర్తకులే కారణమని నిందించాడు. గిట్టుబాటు కాని ధరకు సరుకు కావాలని వారు పట్టుబట్టారు. ధర తగ్గితే ముడులు పలచబడతాయి. ముడులు పలచబడితే పేరు పోతుంది. దానికి తోడు చౌక రసాయన రంగులు, జైళ్ళలో ఖైదీల చేత నేయించిన తివాచీల పోటీ వచ్చాయి. నేసినవాడికి చేయి ఉంది, కన్ను ఉంది. కొనేవాడితో నేరుగా మాట్లాడే దారి లేదు. నమూనా ఎవరు నిర్ణయించాలి, ధర ఎవరు చెప్పాలి అన్నది మధ్యవర్తి చేతుల్లోకి పోయింది. నేడు ఏలూరులో మిగిలిన మగ్గాలు కొద్ది.

నరసాపురం లేసుదీ దాదాపు అదే కథ. క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన ఆ అల్లిక పశ్చిమ గోదావరి పల్లెల్లో వేలాది స్త్రీల జీవనాధారమైంది. బల్ల గుడ్డలు, మంచం దుప్పట్లు, కిటికీ తెరలు విదేశాలకు వెళ్ళాయి. మారియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఈ స్త్రీల స్థితిగతులను పరిశీలించి 1982లో ఒక పుస్తకమే రాసింది. ఇంట్లో కూర్చుని అల్లుతారు కనుక వారిది పని కాదు, కాలక్షేపం అని వర్తకులు లెక్కకట్టి, ఆ లెక్క ప్రకారమే కూలి ఇచ్చారన్నది అందులోని ముఖ్యాంశం. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. గుర్తింపు మంచిదే, కూలి సంగతి వేరు.

కనుక అమ్మాయి తండ్రికి నేను మొదట చెప్పిన మాట ఇది: "మీ నాన్నగారు చేసిన పని ఇంటి లోపలి పనే. ఆయనకు చేయి ఉంది. కాగితం మీద గీసే నక్ష లేదు, రాసి ఇచ్చే లెక్క లేదు. మీ అమ్మాయి ఆ రెండూ నేర్చుకుంటానంటోంది."

తుక్కు దుకాణం నుంచి రాష్ట్రపతి భవనం దాకా

అలా నేర్చుకుని పైకి వచ్చినవారు ఎవరున్నారని ఆయన అడిగాడు. న్యాయమైన ప్రశ్న. మన దేశంలో ఈ రంగంలో ముందుతరానికి చెందిన సునీతా కోహ్లీ జీవితం చెప్పాను.

ఆమె లాహోర్‌లో జన్మించింది. దేశవిభజన తరువాత కుటుంబం లక్నోకు వచ్చి స్థిరపడింది. తండ్రి వేలం పాటలకు వెళ్ళి పాత సామాను, దీపాలు కొనేటప్పుడు ఆమెను వెంట తీసుకుని వెళ్ళేవాడు. ఢిల్లీలోని లేడీ శ్రీరామ్ కళాశాలలో, తరువాత లక్నో విశ్వవిద్యాలయంలో ఆమె చదివింది ఆంగ్ల సాహిత్యం. మొదట చేసిన ఉద్యోగం బడిలో బోధన. వివాహమైన తరువాత భార్యాభర్తలిద్దరూ సెలవు రోజుల్లో డెహ్రాడూన్, ముస్సోరీలలోని కబాడీ దుకాణాలు తిరిగి, దొరలు వదిలి వెళ్ళిన పాత బల్లలు, కుర్చీలు ఏరేవారు. కాళ్ళు విరిగినవి, పాలిష్ పోయినవి. వాటిని బాగుచేయడం ఆమెకు నేర్పింది స్థానికుడైన ఒక చేతిపనివాడు. ఆ బాగుచేసిన సామాను అమ్మడంతో వ్యాపారం మొదలైంది.

ఇక్కడ ఒక క్షణం ఆగాలి. ఎం.ఏ. చదివిన స్త్రీ, బడిలో పాఠాలు చెప్పిన స్త్రీ, రంపపు పొట్టు మధ్య ఒక పనివాడి దగ్గర శిష్యురాలిగా కూర్చుంది. కలప ఏది, అతుకు ఎలా పడింది, మైనం ఎంత పట్టించాలి అన్నది అక్కడ నేర్చుకుంది. పెద్ద కళాశాలల్లో చదివి వచ్చిన యువకులు వడ్రంగి మేస్త్రితో మాట్లాడే తీరు నేను చూస్తున్నాను. ఆ మేస్త్రికి తెలిసినదానిలో పదో వంతు తమకు తెలియదన్న సంగతి వారికి తెలియదు.

తరువాత ఖజురహోలో ఒబెరాయ్ వారి హోటలుకు లోపలి రూపకల్పన చేసే అవకాశం పరిచయస్తుల ద్వారా ఆమెకు వచ్చింది. అది నిలబడింది. ఈజిప్టులో పిరమిడ్ల చెంత ఉన్న మేనా హౌస్, నైలు నదిపై తిరిగే విలాస నౌక, ఇలా పని పనిని తెచ్చింది. 1980వ దశకం రెండో సగంలో ఢిల్లీలోని రాష్ట్రపతి భవనం, ప్రధానమంత్రి కార్యాలయం, హైదరాబాద్ హౌస్‌ల పునరుద్ధరణలో ఆమె పనిచేసింది. 1992లో పద్మశ్రీ లభించింది.

హైదరాబాద్ హౌస్ అన్న పేరు వినగానే మన తెలుగువారికి కొంత చనువు కలుగుతుంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కోసం ఎడ్విన్ లుట్యెన్స్ గీసిన భవనం అది. రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారం. నేడు విదేశీ అతిథులతో ప్రధానమంత్రి సమావేశాలు జరిగే చోటు. రాష్ట్రపతి భవనం కూడా లుట్యెన్స్ రూపొందించినదే, 340 గదులు. భవనంతో పాటు లోపలి బల్లలు, కుర్చీలు కూడా ఆయనే గీశాడు. అలాంటి చోట పునరుద్ధరణ అంటే కొత్తవి కొని నింపడం కాదు. అసలు ఏముండేది, ఎక్కడుండేది అన్నది పాత నక్షల నుంచి, ఛాయాచిత్రాల నుంచి వెదికి పట్టుకుని, పోయిన దాన్ని అదే కొలతకు తిరిగి చేయించడం. హదీసు పాఠాల్లో మూలప్రతుల్ని సరిపోల్చే శ్రమ ఎరిగిన నాకు ఆ పని ఎంతటిదో కొంత బోధపడింది. ముస్సోరీ తుక్కు దుకాణాల్లో పట్టుబడిన చూపు అక్కడ అక్కరకు వచ్చింది.

ఆమె డిజైన్ కళాశాలలో చదవలేదు గనుక చదువు అక్కరలేదని అమ్మాయి తండ్రి గ్రహించబోయాడు. అది పొరపాటు. ఆమె ప్రారంభించిన నాటికి మన దేశంలో ఆ చదువు దొరికే చోట్లు బహు తక్కువ. నేడు పరిస్థితి వేరు.

దారులు

వాస్తుశిల్పం, అంటే ఆర్కిటెక్చర్, ఒక దారి. ఐదేళ్ళ బి.ఆర్క్. ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం ఉండాలి. విజయవాడలో కేంద్ర ప్రభుత్వ సంస్థ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ 2008 నుంచి ఉంది; అక్కడికి జేఈఈ మెయిన్‌లోని రెండో పేపరు ద్వారా వెళ్ళాలి. ఇతర కళాశాలలకు నాటా పరీక్ష. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్‌లో నమోదైనవారు మాత్రమే ఆర్కిటెక్ట్ అనిపించుకోవాలి. ఇంటీరియర్ డిజైనర్ అన్న పేరుకు అలాంటి కట్టడి లేదు. అందువల్ల లాభమూ ఉంది, ప్రమాదమూ ఉంది: ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు.

నేరుగా డిజైన్ చదువు రెండో దారి. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1961లో స్థాపితమైంది. అక్కడ ఫర్నిచర్, ఇంటీరియర్ విభాగం ఉంది. అదే నగరంలోని సెప్ట్ విశ్వవిద్యాలయంలో ఇంటీరియర్ డిజైన్‌కు ప్రత్యేక చదువు ఉంది. ఐఐటీలలో బి.డెస్. కోసం యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష. వీటిలో చాలావాటికి ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు అయినా సరే. చూసేది గీయగలిగిన చేయి, గమనించే కన్ను.

డబ్బు లేని ఇళ్ళకు మూడో దారి ఉంది, దాన్ని చిన్నచూపు చూడవద్దు. ఐటీఐలలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ రెండేళ్ళ శిక్షణ. వడ్రంగం శిక్షణ కూడా ఉంది. ఆటోకాడ్, స్కెచప్ నేర్చుకుని ఒక మంచి డిజైనరు దగ్గర మూడేళ్ళు కొలతలు తీస్తే, లోకం తెలుస్తుంది. నాకు తెలిసిన ఒక కుర్రవాడు పట్టణంలో ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సుకు తండ్రి అమ్మిన అరెకరం డబ్బు కట్టాడు. గోడకొలత సరిగ్గా తీయడం వారు నేర్పలేదు. కంప్యూటరులో అందమైన బొమ్మలు మాత్రం చేయించారు. అలాంటి చోట చేరేముందు అక్కడ చదివి బయటికి వచ్చిన ఇద్దరితోనైనా మాట్లాడి తీరాలి.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకంగా తెలియవలసినవి కొన్ని. డెల్టా గాలిలో ఏడాదిలో సగం రోజులు తేమ. తీరం దగ్గర ఉప్పు. నల్లమట్టి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుని గోడలు బీటలు వారుస్తుంది. చెదల సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ఇలాంటి చోట వంటగదికి మామూలు ప్లైవుడ్ వేస్తే మూడు వానాకాలాలకు పొరలు విడిపోతుంది. మరిగే నీటికి తట్టుకునేదానికి ఐఎస్ 710 అన్న ముద్ర ఉంటుంది. మామూలు రకాలకు ఐఎస్ 303. ధరలో తేడా ఉంది. పైన లామినేట్ అతికించాక కంటికి తేడా కనిపించదు. హైదరాబాద్ డిజైన్లను ఫోనులో చూపించి అలాగే కావాలనేవారికి ఈ తేడా విడమరచి చెప్పగలిగినవాడే అమలాపురంలోనో భీమవరంలోనో నిలదొక్కుకోగలడు. ముడిసరుకు కూడా మన ఇంటి ముంగిటే ఉంది: కోనసీమ కొబ్బరి పీచు చాపలు, నరసాపురం లేసు, ఏలూరు తివాచీ, ఇంట్లో పెంచే మొక్కలకు కడియం నర్సరీలు. దేశమంతటి నుంచి లారీలు కడియపులంకకు వస్తాయి, మనం కుండీలో ప్లాస్టిక్ పూలు పెట్టుకుంటాం.

కంటికి కనిపించని చోట

ఆ పైపొర కింద కనిపించని ప్లైవుడ్ దగ్గరే నా విద్యకు ఈ వృత్తితో సంబంధం తగిలింది.

కొలత ఇచ్చి వస్తువు చేయించుకునే ఒప్పందాన్ని ఫిఖ్హ్‌లో ఇస్తిస్నా అంటారు. ఇంకా లేని వస్తువును అమ్మడం సాధారణంగా చెల్లదు. కాని ప్రజల అవసరాన్ని, వాడుకను బట్టి హనఫీ ఇమాములు దీన్ని అనుమతించారు. షరతు ఒకటే: వస్తువు జాతి, రకం, కొలత, నాణ్యత అస్పష్టత లేకుండా ముందే చెప్పుకోవాలి. చేసి తెచ్చాక కొనేవాడు కాదనవచ్చునా అన్నదానిలో అభిప్రాయభేదం ఉంది. వివరణ ప్రకారమే చేస్తే ఇరుపక్షాలూ కట్టుబడాలన్నది ఇమామ్ అబూ యూసుఫ్ (ర) అభిప్రాయం. 1876లో పూర్తయిన ఉస్మానియా సామ్రాజ్యపు ధర్మసంహిత మజల్లా కూడా ఆ వైపే మొగ్గింది. ఈ పాఠం నేను ఏటా చెబుతాను. ఉదాహరణగా చెప్పులు, గిన్నెలు చెప్పేవాణ్ణి. ఈ ఏడు మాడ్యులర్ కిచెన్ కొటేషన్ ఒకటి తెప్పించి విద్యార్థుల ముందు పెట్టాను. "మంచి ప్లై" అని రాసి ఉంది. ఏ మంచి? ఎన్ని మిల్లీమీటర్లు? ఏ ముద్ర? పిల్లలు పావుగంటలో పదకొండు అస్పష్టతలు వెదికి చూపించారు.

ఇంకొకటి మరింత సున్నితమైనది. డిజైనరు ఇంటి యజమానిని దుకాణానికి తీసుకుని వెళ్తాడు. టైల్సు, దీపాలు, గుడ్డ కొనిపిస్తాడు. దుకాణదారు వెనుక నుంచి డిజైనరుకు కమీషన్ ఇస్తాడు. ఈ రంగంలో ఇది సర్వసాధారణమని నలుగురైదుగురు నాకు చెప్పారు. చెప్పేటప్పుడు గొంతు తగ్గించారు. యజమాని తరఫున కొనేవాడు వకీలు. అతనికి అమ్మకందారు ధర తగ్గిస్తే ఆ తగ్గింపు యజమానికే చెందుతుందని మన గ్రంథాలు చెబుతున్నాయి. ముందే యజమానికి చెప్పి, అతను ఒప్పుకుంటే అది వేరు మాట. దాచి తీసుకున్నది ఖియానతు. ఈ విషయంలో నేను మెత్తగా చెప్పదలచుకోలేదు. కష్టానికి చదరపు అడుగు లెక్కనో, మొత్తంలో శాతం లెక్కనో ఫీజు బాహాటంగా అడగండి, బేరం ఆడనివ్వండి, పోయిన గిరాకీ పోనివ్వండి.

దుబారా సంగతి అమ్మాయే ఎత్తింది. పెద్దవాళ్ళ ఇళ్ళలో అక్కరలేని హంగులు చేయవలసి వస్తే ఎలా అని. హజ్రత్ ఆయిషా (ర) బొమ్మలున్న తెర ఒకటి వేలాడదీస్తే దైవప్రవక్త (స) అభ్యంతరపెట్టిన సంగతి బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఆమె ఆ గుడ్డను పారవేయలేదు. కోసి దిండ్లు కుట్టింది. ఇంటి లోపలి పనిలో ఇంతకంటె మంచి పాఠం నాకు తోచలేదు: తగని చోట ఉన్నదాన్ని తగిన చోటికి మార్చడం. గిరాకీ అడిగినదంతా ఇవ్వడం కంటె, ఉన్న సామానులో ఏది ఎలా పనికివస్తుందో చూపించే డిజైనరు మీద నమ్మకం ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఆడపిల్ల తిరగడం మాటేమిటి? ఆ తండ్రి అసలు భయం అదేనని నాకు తెలుసు. నా జవాబు మా వంటగది. మేస్త్రి గుమ్మం దాటి రాలేకపోయాడు. ఒక స్త్రీ అయితే లోపలికి వెళ్ళి, నా భార్య పక్కన నిలబడి, ఆమె చేయి ఎంతవరకు అందుతుందో కొలిచి ఉండేది. మన ఇళ్ళలో, మన ఇళ్ళలోనే ఏమిటి, ఏ ఇంట్లోనైనా గది ఎలా ఉండాలో తెలిసిన మనిషి స్త్రీ. ఆమెతో మాట్లాడగలిగినది స్త్రీ. పరదా పాటించే కుటుంబాలకు ఆడపిల్ల డిజైనరు అవసరం, సౌకర్యం కూడా. సైటు పని రోజుల్లో తోడు ఎవరు, రాత్రి ఎంతలోగా ఇంటికి అన్నవి ప్రతి ఇల్లూ ఏర్పరచుకోవలసిన నియమాలు. మన గోదావరి జిల్లాల నుంచి ఎందరో స్త్రీలు పరాయి ఇళ్ళలో పనికి కువైట్ దాకా ఒంటరిగా వెళ్తున్నారు. దాన్ని చూసి నోరు మెదపని మనం, కొవ్వూరులో టేపు పట్టుకున్న పిల్లను చూసి ఉలిక్కిపడుతున్నాం.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఫీజుల గురించి అడిగాడు. అంటే సగం ఒప్పుకున్నట్లే.

రెండు వారాల తరువాత ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. వంటగది కొలవడానికి అమ్మాయి లోపలికి వెళ్ళింది. గంటన్నర తరువాత నా భార్య నవ్వుతూ బయటికి వచ్చింది. కాగితం మీద గీసిన నక్షలో పప్పు డబ్బాల అర పదహారు అంగుళాలు కిందికి దిగింది. గట్టు కూడా రెండంగుళాలు తగ్గించాలట. ఖర్చు లెక్క కింద ప్లైవుడ్ ముద్ర, మందం, అతుకుల రకం విడివిడిగా రాసింది. నా ఖర్చు తగ్గించడానికి పాత తలుపుల టేకు వాడవచ్చునని పక్కన చిన్న గుర్తు పెట్టింది. తండ్రి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, "పాత తలుపు కొలత ఒకసారి మళ్ళీ చూడమ్మా, అడుగున చెద తిన్నట్టుంది" అన్నాడు. ఇద్దరూ పెరటిలోకి వెళ్ళారు. టేపు రెండో కొస ఆయన పట్టుకున్నాడు.